సీటు కింద లాక్ ఉండగా ముందు చక్రాలకు అప్పెందుకన్నా?

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కాకుండా 7 లక్షలు పలికే బండికి లెక్క కట్టండి, 49 వేలు తగ్గినట్టు. మన అనంతపురం సేద్యగానికి 49 వేలంటే మాటలా? విత్తనం శెనక్కాయల ఖర్చులో ఎంత భాగమో మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే ఆ డబ్బు మన జేబులోకి రాకముందే దానికి వేరే దారి చూపించేవాళ్లు తయారుగా ఉన్నారు. "పన్ను తగ్గింది గదన్నా, ఇంకొంచెం వేసుకుంటే ఫోర్ వీల్ డ్రైవ్ వస్తుంది. ఇప్పుడంతా ఫోర్ వీలే." ఆ "ఇంకొంచెం" ఎంతని అడిగితే లక్ష పైమాటే. తగ్గింది 49 వేలు, పెరిగింది లక్ష పైన. ఇది తగ్గింపు ఎట్లయిందో ఎవరన్నా చెప్తే వింటా.

కొనొద్దని ఎవరికీ అడ్డం పడను. ఎవరి డబ్బు వాళ్లిష్టం. కానీ కొనే ముందు ఒక్క పని చేయండి. ఇప్పుడు మీ ఇంటి ముందు ఉన్న ట్రాక్టర్ దగ్గరికి పోయి సీటు కింద చూడండి. ఎక్కువ బండ్లలో కుడి మడమ దగ్గర ఒక చిన్న పెడల్ ఉంటుంది. కొన్నింట్లో చేతి లివర్ ఉంటుంది. దుమ్ము పట్టి, ఆయిలు మడ్డి గడ్డకట్టి, కొన్నింట్లో తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. అదే డిఫరెన్షియల్ లాక్. బండి కొన్నరోజు దానికీ కలిపే డబ్బు కట్టినాం. మా చుట్టుపక్కల ఊర్లలో బాడుగకు తోలే డ్రైవర్లను అడిగితే సగం మంది అది బ్రేకుకు సంబంధించిందనుకుంటున్నారు. కొంతమంది అడ్డమొస్తుందని విప్పి షెడ్డులో పారేసినారు. ఉన్నదాన్ని వాడకుండా పారేసి, లేనిదాని కోసం ఫైనాన్స్ వాడి దగ్గర సంతకం పెట్టడం, ఇదీ మన పరిస్థితి.

అసలు ఈ డిఫరెన్షియల్ ఏం చేస్తుందో ఎద్దుల భాషలో చెప్తా. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలి చక్రం తక్కువ దూరం పోవాల. రెండూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగించి ఉంటే ఏదో ఒకటి నేలను గీరుకుంటూ పోవాల్సిందే. అందుకని దాదాపు 200 ఏళ్ల కిందట ఫ్రాన్సులో పెక్యూర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం ఈ గేర్ల ఏర్పాటుకు పేటెంట్ తీసుకున్నాడు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ సమానంగా పంచుతుంది, వేగం మాత్రం ఎవరి వేగం వాళ్లదే. మలుపులో ఇది వరం.

ఇప్పుడు జోడెద్దులను తలుచుకోండి. కాడిమానుకు నడుమ మోకు కట్టి ఉంటుంది. ఒక ఎద్దు కూలబడిందనుకోండి, రెండోది ఎంత బలమైందైనా ఏం చేస్తుంది? కాడి పక్కకు తిరుగుతుందే గానీ మడక అంగుళం కదలదు. డిఫరెన్షియల్ కూడా అంతే. ఒక చక్రం బురదలో జారిందంటే, గట్టి నేల మీద ఉన్న రెండో చక్రానికీ ఆ జారే చక్రానికి దక్కినంత బలమే దక్కుతుంది. సమానంగా పంచడం దాని ధర్మం, ఏం చేస్తుంది పాపం. పైగా నిలబడిపోయిన చక్రం వేగం కూడా జారే చక్రానికే పోతుంది కాబట్టి అది రెండింతలు వేగంగా తిరిగి, తన గుంత తానే తవ్వుకుంటుంది.

అంకెల్లో చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం. ఎడమ చక్రం ఎండిన గరుసు మీద ఉంది, 800 కిలోల లాగుడు పట్టగలదు. కుడి చక్రం డ్రిప్పు పైపు పగిలి తడిసిన చోట ఉంది, 150 కిలోలకే జారుతుంది. లాక్ వేయకపోతే రెండూ 150 చొప్పున, మొత్తం 300. లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసైపోతాయి, ఎవరి పట్టు వాళ్లకు పూర్తిగా అక్కరకొస్తుంది, 800కు 150 కలిపి 950. ఇప్పుడు అదే చోట ఫోర్ వీల్ బండిని లాక్ వేయకుండా పెట్టండి. ముందు చక్రాలు చిన్నవి, వాటి మీద బరువు తక్కువ. గరుసు వైపుది 300, తడి వైపుది 60 పట్టగలవనుకుందాం. ముందు ఇరుసులో కూడా డిఫరెన్షియల్ ఉంది గదా, అక్కడా తక్కువదాని లెక్కే, 60కి 60, మొత్తం 120. వెనక 300, ముందు 120, కలిపి 420. లాక్ వేసిన మామూలు బండి 950 లాగే చోట, లాక్ మరిచిన ఫోర్ వీల్ బండి 420 లాగుతుంది. లక్ష పైన పోసి కొన్న బండి, కాలితో తొక్కే పెడల్ ముందు ఓడిపోయింది.

"మరి ఫోర్ వీల్‌కు కూడా లాక్ వేస్తే?" అని అడుగుతారు. వేస్తే ఇంకా ఎక్కువ లాగుతుంది, కాదనను. కానీ మన పనికి అంత కావాలా అనేదే నా ప్రశ్న. మన జిల్లాలో ఏడాది వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా నాలుగు దెబ్బల్లో కొట్టిపోతుంది. ఎర్ర నేలలో పదును రెండు మూడు రోజులుంటే గొప్ప. ఆ రెండు మూడు రోజుల్లో దున్నాల, విత్తాల. మన బండి ఇరుక్కునేది ఎక్కడెక్కడో ఆలోచించండి. వంక దాటేటప్పుడు, గట్టు ఎక్కేటప్పుడు, పంట కుంట పక్కన మెత్తబడిన చోట, బోరు నీళ్లు కారే చోట, డిస్క్ నాగలి వేసినప్పుడు ఒక చక్రం సాలులో, ఒకటి పైన నడుస్తున్నప్పుడు. ఈ చివరిది గమనించండి. బండి ఒరిగి ఉంటుంది, బరువంతా సాలులో ఉన్న చక్రం మీదికి పోతుంది, పైన ఉన్న చక్రం తేలికై గిర్రుమని తిరుగుతుంది. పొద్దంతా అట్ల తిరుగుతూనే ఉంటుంది, మనం డీజిల్ పోస్తూనే ఉంటాం. ఇవన్నీ ఒకవైపు చక్రం జారే సమస్యలు. ఒకవైపు జారితే మందు లాక్. రెండు వైపులా ఒకేలా జారితే లాక్‌తో పెద్దగా ఒరిగేది లేదు, అక్కడ ఫోర్ వీల్ గెలుస్తుంది.

అట్ల రెండు వైపులా జారే నేల ఎక్కడుంది? వరిమడిలో. హెచ్చెల్సీ కింద కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వరి పెట్టే రైతులు దమ్ము చేయడానికి ఫోర్ వీల్ కొన్నారంటే వాళ్ల లెక్క సరైందే. తాడిపత్రి, గుత్తి, ఉరవకొండ వైపు నల్లరేగడిలో పెద్ద రోటవేటర్ పెట్టి ఏడాది పొడుగునా బాడుగ తోలేవాళ్లు కొన్నా తప్పు పట్టను, బాడుగలోనే కంతు వచ్చేస్తుంది. కానీ పది ఎకరాల ఎర్రమట్టి చేను, తొమ్మిది చెక్కల కల్టివేటర్, ఏడాదిలో 40, 50 రోజులు పని ఉండే బండి... దానికి ముందు చక్రాలు తిప్పే ఇరుసెందుకు? మిగతా మూడువందల రోజులు ఆ ఇరుసు షెడ్డులో నిద్రపోతుంది, కంతు మాత్రం నిద్రపోదు.

చీనీ తోటలున్నవాళ్లకు ఇంకో మాట. ఫోర్ వీల్ బండి తిరగడానికి ఎక్కువ చోటు కావాల. ముందు ఇరుసులో షాఫ్టులు, జాయింట్లు ఉంటాయి కాబట్టి చక్రం అంత కోణంలో తిరగదు. చెట్ల మధ్య సాలు చివర మళ్లించేటప్పుడు రెండుసార్లు రివర్సు తీయాల్సొస్తే కొమ్మలు విరిగేది మనవే. ముందు చక్రాలు వెనక వాటికంటే కాస్త వేగంగా తిరిగేట్టు గేర్లు పెట్టి ఉంటారు, అందుకే టైరు అరిగిందని ముందువైపు చేతికొచ్చిన సైజు వేస్తే లోపల గేర్లు ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తోలితే టైర్లు రబ్బరు గీకినట్టు అరుగుతాయి. షోరూంలో ఇవన్నీ చెప్పరు. చెప్తే అమ్ముడుపోదు గదా.

ఇక లాక్ వాడే పద్ధతి. ఇది తెలియకనే చాలామంది "వాడితే విరిగిపోతుంది" అని భయపడి మానేసినారు. విరిగేది వాడినందుకు కాదు, చక్రం గిర్రున తిరుగుతుండగా తొక్కినందుకు. లోపల పళ్లున్న రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాల. ఒకటి వేగంగా తిరుగుతూ, ఇంకోటి నిలబడి ఉంటే పళ్లు కూర్చుంటాయా, రాలిపోతాయా? కాబట్టి చక్రం జారుతోందని అనిపించగానే క్లచ్ తొక్కండి, చక్రాలు ఆగనీయండి, లాక్ పెడల్ తొక్కిపట్టండి, చిన్న గేరులో మెల్లగా క్లచ్ వదలండి. బండి నేరుగా పోవాల. గట్టి నేల అందగానే కాలు తీసేయండి, ఎక్కువ బండ్లలో స్ప్రింగుతో అదే విడిపోతుంది. ఒక్కోసారి లోపల బిగువు ఉంటే విడిపోదు. స్టీరింగు అటూ ఇటూ కొంచెం ఆడించండి, లేదా ఒక అడుగు వెనక్కి తీయండి, వదిలేస్తుంది.

బురద కనపడ్డాక కాదు, కనపడే ముందే తొక్కితే ఇంకా మేలు. వంకలో దిగేముందే ఆగి, లాక్ వేసుకుని, నేరుగా దాటేయండి. దిగబడ్డాక వేసే లాక్ గుంతలోనుంచి పైకి లాగాల. దిగబడకముందు వేసిన లాక్‌కు ఆ గుంతే ఉండదు.

మలుపులో మాత్రం లాక్ వద్దే వద్దు. లాక్ పడి ఉండగా స్టీరింగు తిప్పితే బండి మాట వినదు, నేరుగా తోసుకుపోతుంది. ఒంటి బ్రేకు కొట్టినా తిరగదు, ఎందుకంటే రెండు చక్రాలూ ఒకటైపోయి ఉన్నాయి. గట్టు అంచున, బావి పక్కన, వెనక ట్రాలీ నిండా శెనక్కాయ కట్టె, దాని మీద మనుషులు... ఇట్లాంటప్పుడు లాక్ మరిచి మలుపు తిప్పితే ఏమవుతుందో ఊహించుకోండి.

మనుషుల మాట వచ్చింది కాబట్టి దీన్ని దాటేసి పోలేను. బండి దిగబడినప్పుడు మన ఊర్లలో చేసే పని ఒకటుంది. వెనక చక్రాలకు అడ్డంగా దుంగ పెట్టి గొలుసుతో కట్టేస్తారు, చక్రం తిరిగితే దుంగ కిందికి పోయి బండి పైకి లేస్తుందని. చక్రాలు ముందుకు పోలేక, ఇంజను బలం ఆగలేక, బండి ముందు భాగం పైకి లేచి ఇరుసు చుట్టూ తిరిగి వెనక్కి పడుతుంది. రెండు సెకన్లు కూడా పట్టదు. క్లచ్ తొక్కాలని మనసుకు తట్టేలోపలే స్టీరింగు ఛాతీ మీద ఉంటుంది. బరువైన మొద్దును టాప్ లింక్ దగ్గర పైకి కట్టి లాగినా ఇదే జరుగుతుంది. ఇట్ల పోయిన డ్రైవర్ల గురించి మీలో వినని వాళ్లెవరు? వాళ్లలో ఎక్కువమంది కూలికి తోలే పిల్లలే, ఇరవై, ఇరవైరెండేళ్ల వాళ్లు. సీటు కింద పెడల్ ఏందో ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పిన యజమాని ఎంతమంది? బండికి పూజ చేయిస్తాం, నిమ్మకాయలు తొక్కిస్తాం, పెడల్ తొక్కడం నేర్పించం.

నేర్పించే చోటు లేదా అంటే అదీ కాదు. అనంతపురం నుంచి గుత్తి పోయే హైవే మీద గార్లదిన్నె దగ్గర కేంద్ర ప్రభుత్వానిది వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. 1983లో పెట్టినారు. దక్షిణాది మొత్తానికీ అదొక్కటే. మనం ట్రాక్టర్ నగర్ అంటాం. ఎక్కడెక్కడి రాష్ట్రాల వాళ్లో వచ్చి అక్కడ నేర్చుకుని పోతుంటే, మనం గేటు ముందర బస్సులో పోతూ బోర్డు చదువుకుంటున్నాం. మీ డ్రైవర్‌ను ఎండాకాలం పని లేనప్పుడు అక్కడికి పంపండి. ఆ రోజుల కూలి మీరివ్వండి. ఫోర్ వీల్ కంతులో ఒక నెలది కూడా కాదు అది.

సరే, లాక్ ఒక్కటే చాలా అంటే చాలదు. లాక్‌తో పాటు బరువు కావాల. చక్రం నేలను పట్టేది బరువుతోనే. వెనక టైర్లలో నీళ్లు నింపుకోవచ్చు, ట్యూబు వాల్వు పైకి పెట్టి ఆ ఎత్తు వరకు. 13.6-28 సైజు టైరులో 150 లీటర్ల పైనే పడతాయి, అంటే రెండు టైర్లకూ కలిపి 300 కిలోల పైన బరువు, ఖర్చు ఒక వాల్వు అడాప్టరు, పంక్చరు షాపు వాడి కూలి. తాగడానికి ట్యాంకరు కోసం కాచుకునే సీమలో టైరుకు నీళ్లు పట్టమంటున్నాడని నవ్వుకోండి, పర్వాలేదు. ఒకసారి పోస్తే ఏళ్ల తరబడి ఉంటాయి. టైరు గుబ్బలు అరిగి నున్నగా అయిపోతే మాత్రం లాక్ వేసినా, నీళ్లు పోసినా పట్టు రాదు. ముందు టైరు మార్చండి.

బండి నిజంగా ఎంత జారుతోందో కొలుచుకునే పద్ధతి కూడా ఉంది, పైసా ఖర్చు లేదు. వెనక టైరు మీద సున్నంతో గీత పెట్టండి. కల్టివేటర్ పైకెత్తి అదే చేలో పది చుట్లు తిరిగేంత దూరం పోయి కొలవండి. 40 మీటర్లు వచ్చిందనుకుందాం. ఇప్పుడు కల్టివేటర్ దించి దున్నుతూ మళ్లీ పది చుట్లు. 34 మీటర్లు వస్తే 6 మీటర్లు జారింది, అంటే 15 శాతం. అంతవరకు సర్దుకోవచ్చు, సర్కారు పరీక్షల్లో కూడా ట్రాక్టర్ లాగుడు కొలిచేటప్పుడు చక్రాల బండ్లకు పెట్టుకునే హద్దు 15 శాతమే. 28 మీటర్లే వచ్చిందా? 30 శాతం జారుతోంది. పది అడుగులు పోవాల్సిన చోట ఏడడుగులే పోతున్నారు, మిగతా మూడడుగుల డీజిల్ టైరుకు తినిపిస్తున్నారు. అప్పుడు నీళ్లు పోసి, లాక్ వేసి మళ్లీ కొలవండి. మీ చేనే మీకు చెప్తుంది ఫోర్ వీల్ కావాలో వద్దో. యూట్యూబులో పంజాబు బురదలో తీసిన వీడియో చెప్పేదానికంటే అది నమ్మకం.

కొత్త బండి బేరానికి పోతే లాక్ గురించి అడగండి. షోరూం పిల్లోడు హార్స్ పవర్, లిఫ్ట్ కెపాసిటీ, మ్యూజిక్ సిస్టమ్ అన్నీ గడగడా అప్పజెప్తాడు. "లాక్ పెడల్ ఎక్కడుంది, తొక్కి చూపించు" అంటే సగం చోట్ల తల గోక్కుంటారు. సీటులో కూర్చుని మడమ అందుతుందో లేదో చూడండి, చెప్పులు వేసుకుని, వట్టి కాళ్లతో రెండు రకాలుగానూ. కాలు తీయగానే వదిలే రకమైతే మంచిది, ఎందుకంటే మరిచిపోవడానికి వీలుండదు. మధ్యప్రదేశ్‌లో బుద్నీ అనే చోట కేంద్ర సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి రిపోర్టు రాస్తుంది. బరువు కట్టి ఎంత లాగింది, కట్టకుండా ఎంత లాగింది అన్నీ అందులో ఉంటాయి. మీరు కొనే మోడల్ రిపోర్టు చూపించమని అడగండి. మనం అడగనంత కాలం వాళ్లకు తెలియాల్సిన పనే లేదు.

ఇప్పుడు జీపుల సంగతి. ఈమధ్య ఊర్లలో చీనీ బాగా పలికిన ఏడాది ఒక థార్ వచ్చి నిలబడుతోంది. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు అయితే నాకేం సంబంధం లేదు, రంగు చూసి కొనుక్కోండి. కానీ "చేనుకు పోవడానికే కొన్నా, దీంట్లో లాక్ ఉంది" అనేవాళ్లతోనే నా పేచీ. లాక్‌లన్నీ ఒకటి కావు.

ఒక రకం బ్రేకుతో చేసేది. జారే చక్రాన్ని కంప్యూటరు బ్రేకు వేసి పట్టుకుంటుంది, అప్పుడు రెండో చక్రానికి బలం పోతుంది. మారుతి జిమ్నీలో ఉన్నది ఇదే. చిన్న గుంతలో నుంచి బయటపడటానికి పనికొస్తుంది. కానీ ఇసుకలో అరకిలోమీటరు పోవాలంటే బ్రేకు వేస్తూ, ఆక్సిలరేటరు తొక్కుతూ పోవడమంటే ఒక కాలితో ఈడుస్తూ ఒక కాలితో నడవడం లాంటిది. బ్రేకులు కాగిపోతాయి. దీని పేరులో లాక్ అని ఉన్నా నిజానికి లాక్ కాదు.

రెండో రకం దానంతటదే పడే లాక్. బొలెరో నియోలో ఎన్10 ఆప్షన్ మోడల్‌లో, థార్‌లో కొన్ని మోడళ్లలో ఇది ఉంది. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి దాదాపు 100 చుట్లు దాటితే లోపల బిగుసుకుంటుంది. బండి గంటకు 30 కిలోమీటర్లు దాటితే పడదు. డ్రైవరు చేయాల్సిందేమీ లేదు, అదే దీని బలం, అదే బలహీనత. ఎందుకంటే ఒక చక్రం అప్పటికే తిరిగి కొంచెం తవ్వుకున్నాక గానీ దానికి తెలియదు. గట్టు మీద, రాళ్ల దారిలో ఇది చాలా బాగా పనిచేస్తుంది. మెత్తటి ఇసుకలో ఆ కొంచెం తవ్వుకోవడమే కొంపముంచుతుంది.

మూడో రకం మన చేతిలో ఉండేది. ఫోర్స్ గూర్ఖాలో ముందుకు ఒకటి, వెనకకు ఒకటి లివర్లుంటాయి. థార్ రాక్స్ పై మోడళ్లలో బటన్ నొక్కితే వెనక ఇరుసు లాక్ పడుతుంది. ఇవి మన ట్రాక్టర్ పెడల్‌కు అన్నదమ్ములు. ఇసుకలోకి దిగకముందే వేసుకోవచ్చు. హగరి ఇసుక మేటలు వేసిన బొమ్మనహాళ్ వైపు, దర్గా హొన్నూరు దగ్గర ఆ దిబ్బలు చూసినవాళ్లకు నేను చెప్పేది అర్థమవుతుంది. పెన్నలో, చిత్రావతిలో ఎండిపోయిన ఏరు అడ్డంగా దాటేవాళ్లకూ అంతే. చక్రం జారాక మేల్కొనే లాక్ కంటే, జారకముందే మనం వేసే లాక్ మేలు. జీపు కొనక తప్పదనుకుంటే ఇట్లాంటిదే కొనండి, లేదంటే లాక్ కోసం అని డబ్బులు పెట్టొద్దు.

చీనీ, టమాటా మోసే పికప్ బండ్లకు లాక్ వేయిస్తామని బెంగళూరు నుంచి విడిభాగాలు తెప్పించే మెకానిక్‌లున్నారు. గాలితో పడేది, కరెంటుతో పడేది, రకరకాలు. ఇరుసు విప్పాక కంపెనీ వారంటీ మాటేమిటో ముందే కాగితం మీద రాయించుకోండి. కక్కలపల్లి మార్కెట్టుకు టమాటా బుట్టలు వేసే బండికి అదంతా ఎందుకో నాకైతే అర్థం కాదు. తోటలో మెత్తగా ఉన్నప్పుడు బండిని గట్టి దారి మీదే నిలిపి, ట్రాక్టర్‌తో అక్కడిదాకా మోయించండి. ఇక "స్టార్ గేర్లకు వెల్డింగ్ కొడితే ఎప్పటికీ లాకే, వెయ్యి రూపాయలతో పని అయిపోతుంది" అని చెప్పేవాడు ఒకడుంటాడు. వాడి దగ్గర్నుంచి బండి తాళం లాక్కుని ఇంటికి రండి. ప్రతి మలుపులో టైరు గీరుకుపోతుంది, ఒకరోజు ఇరుసు విరుగుతుంది, అది ఎక్కడ విరుగుతుందో మన చేతిలో ఉండదు.

ఇంత చదివినాక మీ పెడల్ బతికే ఉందో లేదో చూసుకోండి. చదునైన చోట బండి నిలిపి ఇంజను ఆపండి. మిగతా మూడు చక్రాలకూ ముందూ వెనకా రాళ్లు అడ్డం పెట్టండి. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద గట్టి మొద్దు పెట్టండి, జాకీని నమ్మొద్దు. గేరు న్యూట్రల్‌లో ఉండాల, హ్యాండ్ బ్రేకు తీసి ఉండాల. లేచిన చక్రాన్ని చేత్తో తిప్పండి, తిరుగుతుంది. ఇప్పుడు ఇంకొకరిని లాక్ పెడల్ నొక్కిపట్టమని, చక్రాన్ని మెల్లగా తిప్పండి. ఎక్కడో ఒకచోట టక్కున పట్టుకుని ఆగిపోతే లాక్ బాగున్నట్టు. పెడల్ నొక్కినా చక్రం తిరుగుతూనే ఉంటే, ముందు కడ్డీకి, స్ప్రింగుకు పట్టిన తుప్పు గీకి ఆయిలు పోసి చూడండి. ఎక్కువసార్లు రోగం అక్కడే ఉంటుంది. అప్పటికీ పట్టకపోతే లోపల పళ్లు పోయుంటాయి, జూన్ వానలు పడేదాకా ఆగకుండా మెకానిక్‌ను పిలవండి. బిల్లు ఎంతయిందో నాకు చెప్పండి. షోరూం వాడు చెప్పిన ఫోర్ వీల్ తేడా పక్కన పెట్టి చూసుకుందాం.